కొక్కేలు కొన్నారా? ఇక భయం లేదు

విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్‌కు రిబ్బను కత్తిరించింది 2023 సెప్టెంబరులో. 2025లో అక్కడి నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఓడ కదిలేసరికి, ఫోను తెరిచిన ప్రతివాడికీ ఒక కెప్టెన్ ఎదురుపడుతున్నాడు. ఆ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది. ముప్ఫై ఏళ్లు విదేశీ కంపెనీల కింద పనిచేసి, పేరు మార్చుకుని మన తీరానికి వచ్చింది. దానికున్న అనుభవంలో నూరో వంతు కూడా లేని ఈ రీల్సు కెప్టెన్లు మాత్రం వేలు చూపించి మరీ హెచ్చరిస్తున్నారు. "ఓడెక్కే ముందు ఇది చూడకపోతే మీ ట్రిప్పు గోవిందా!" వెనకాల మంచం మీద నోరు తెరిచిన సూట్‌కేసు, దాని పక్కన అట్టపెట్టెల గుట్ట. అమెరికాలో గాల్వెస్టన్ నుంచో, మయామీ నుంచో ఓడెక్కే తెలుగువాళ్లకు ఈ జాడ్యం ఎప్పుడో పట్టింది. మనకు కాస్త ఆలస్యమైంది, అంతే.

ఈ జాగ్రత్తల పురాణంలో ప్రథమాశ్వాసం కొక్కేలది. ఓడ గదుల గోడలు ఉక్కువి, ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటుంది. ఐదో తరగతి సైన్సు పాఠమే కదా అని తీసిపారేయకండి, దీన్ని కనిపెట్టిన ఆనందంలో జనం ఇంకా తేరుకోలేదు. అయస్కాంతం కొక్కేలు డజను ప్యాకెట్టు, "ఫ్యామిలీ అయితే రెండు డజన్లు". తడి తువ్వాలుకు ఒకటి, టోపీకి ఒకటి, మెడలో వేసుకునే కార్డుకు ఒకటి, కళ్లద్దాలకు ఒకటి, చంటివాడి బొమ్మకు ఒకటి. ఇంట్లో ఇరవై ఏళ్లుగా కుర్చీ వీపునే బట్టల అలమరాగా వాడుకుంటున్న పెద్దమనిషి, మూడు రాత్రుల ప్రయాణానికి గోడ నిండా మేకులు కొట్టించినంత హడావిడి చేస్తున్నాడు.

కొక్కేల తరవాత చెప్పుల సంచి. గది తలుపుకు వేలాడదీసే, ఇరవై నాలుగు అరల ప్లాస్టిక్ సంచి. అందులో చెప్పులు తప్ప అన్నీ పెట్టాలట: మందులు, ఛార్జర్లు, సన్‌స్క్రీన్, జంతికల ప్యాకెట్లు. ఆ తరవాత తలుపు బయట అంటించే అలంకారాలు. కారిడార్‌లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మన గది మనకు గుర్తుండటానికట. తలుపు మీద నంబరు ఉంటుందన్న సంగతి ఏ వీడియోలోనూ రాలేదు.

ఆపైన బాతులు. నిజమే, బాతులే. పిల్లల స్నానాల తొట్లో తేలే రబ్బరు బాతుల్ని ఓడంతా అక్కడక్కడా దాచిపెట్టడం, దొరికినవాళ్లు ఫోటో తీసి పెట్టుకుని మురిసిపోవడం. ఇది అమెరికా ఓడల్లో 2018 ప్రాంతంలో మొదలైన సరదా. మన కెప్టెన్ల చేతిలో పడేసరికి ఇదీ "ముందస్తు సన్నాహం" కింద జమైంది. స్కూటరు తాళం ఎక్కడ పెట్టాడో తెలియక ప్రతి పొద్దునా ఇల్లు పీకి పందిరేసేవాడు, బంగాళాఖాతం మధ్యలో పదకొండు అంతస్తుల ఓడలో బాతుల వేట సాగిస్తాడు. ఆడుకోనివ్వండి, తప్పు లేదు. కానీ దాన్ని "సేఫ్టీ టిప్స్, రెండో భాగం" అనడమెందుకు?

మళ్లీ కొక్కేల దగ్గరికే రావాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ వీడియో కింద లింకు ఉంటుంది. లింకు నొక్కి కొంటే చెప్పినవాడికి కమీషను. చెప్పుల సంచికీ లింకుంది, బాతులకూ లింకుంది, వాంతులు రాకుండా మణికట్టుకు వేసుకునే పట్టీకీ లింకుంది. వారంలో ఏ రోజు ఏ రంగు చీరో చెప్పే పట్టికకు కూడా ఉంది. కొనుక్కోవడానికి వీలుపడని జాగ్రత్త ఈ జాబితాల్లో కనిపిస్తే చెప్పండి. కనిపించదు. లింకు లేని జాగ్రత్త జాగ్రత్తే కాదు.

కుటుంబమంతా ఒకే రంగు టీషర్టుల గురించి రాయకపోవడమే మర్యాద.

శానిటైజర్ సంగతి చూడండి. "ఓడలో వాంతులు, విరేచనాలు వ్యాపిస్తాయి, ఈ అరడజను సీసాలు తప్పనిసరి" అంటారు. ఓడల్లో కడుపు జబ్బులకు ఎక్కువగా కారణమయ్యేది నోరోవైరస్. ఆల్కహాల్ శానిటైజర్‌కు అది సరిగ్గా లొంగదు, సబ్బుతో నీళ్ల కింద చేతులు కడుక్కోవాలి. సబ్బు ఓడవాళ్లే ఇస్తారు, నీళ్లు ఊరికే వస్తాయి. కాబట్టి ఆ సంగతి వీడియోలో ఉండదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కెటిల్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, కొన్ని రకాల ఎక్స్‌టెన్షన్ బోర్డులు గదుల్లోకి తేవద్దని క్రూజ్ కంపెనీలు రాసిపెడతాయి. వాటిని చీరల మడతల మధ్య ఎలా దాచాలో చెప్పే వీడియోలున్నాయి. అమ్మమ్మకు పొద్దున్నే వేడినీళ్లు కావాలి, నాన్నకు అన్నం లేకపోతే ముద్ద దిగదు, కాబట్టి స్కానర్‌ను ఏమార్చాలట. పైగా దాన్ని తెలివి అంటారు. నడిసముద్రంలో గది అంటుకుంటే ఫైరింజను రాదు. ఆర్పాల్సింది గంట కిందట మీకు ఇడ్లీ వడ్డించిన కుర్రాడే. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ జమైకా వైపు వెళ్తుండగా ఒక బాల్కనీలో నిప్పంటుకుంది. ఎవరో ఆర్పకుండా పారేసిన సిగరెట్టు వల్లే కావచ్చని తేల్చారు. వందకు పైగా గదులు దెబ్బతిన్నాయి, ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఒక్క సిగరెట్టు పీక చేసిన పని అది. మీ కుక్కరు అంతకన్నా బుద్ధిమంతురాలా?

ఇక డ్రిల్లు. ఓడ కదలకముందే ప్రయాణికులందరికీ ప్రమాదంలో గుమిగూడాల్సిన చోటు, అంటే మస్టర్ స్టేషన్, ఎవరికి ఎక్కడో, ఏ మెట్ల మీదుగా వెళ్లాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపించే కార్యక్రమం. ప్రమాదం వస్తే సైరన్ ఏడు సార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా కూస్తుంది. ఓడ ప్రయాణానికి అసలు సన్నాహమంటూ ఉంటే ఇదే. దీని మీద మన కెప్టెన్ల సలహా ఏమిటంటే: "డ్రిల్లు బోర్! ఆ టైములో స్విమ్మింగ్ పూల్ ఖాళీగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి." కోవిడ్ తరవాత చాలా ఓడల్లో ఇది మరీ సులువైపోయింది. ఫోనులో వీడియో చూసి, స్టేషన్ దగ్గరికి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకుంటే అయిపోయినట్టే. ఆ వీడియోను సౌండు తీసేసి జేబులో ఆడించడం కొత్త విద్య. టైటానిక్ పోజు పెట్టడానికి ముక్కు భాగం కోసం ఓడంతా గాలించేవాడికి, తన లైఫ్ బోటు ఎటువైపు వేలాడుతోందో తెలియదు.

2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకార్డియా జిలియో దీవి పక్కన రాతిని కొట్టుకుంది. అందులో నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. ఆ సాయంత్రమే చివిటవెక్కియా రేవులో ఎక్కిన దాదాపు 700 మందికి డ్రిల్లు మర్నాడు పెడదామనుకున్నారు. అప్పట్లో ఇరవై నాలుగు గంటల లోపు పెడితే చాలు, నిబంధన ప్రకారం తప్పేం లేదు. ఓడ ఒరిగిపోతుంటే కరెంటు సమస్య అని మైకులో చెప్పారు. ఓడ వదలమనడానికి గంటకు పైగా పట్టింది. 32 మంది పోయారు. ఆ తరవాతే అంతర్జాతీయ నిబంధన మార్చి, 2015 జనవరి 1 నుంచి డ్రిల్లు ఓడ బయల్దేరే ముందుగానీ, బయల్దేరిన వెంటనేగానీ జరగాల్సిందే అన్నారు. అంటే స్విమ్మింగ్ పూల్ ఫోటో కోసం తప్పించుకుంటున్న ఆ అరగంట ఎవరో ఓడ మేనేజరు కాలక్షేపానికి పెట్టింది కాదు.

అంత దూరం పోవడమెందుకు? పాపికొండల లాంచీ ఎక్కని తెలుగు కుటుంబం ఉందా? 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో గోదావరి వరద మీద ఉండగా లాంచీ బోల్తా పడింది. ఎక్కిన 77 మందిలో 26 మందే బతికారు. జాకెట్లు ఉన్నాయి. ఉక్కగా ఉందని, భోజనం వేళ అని చాలామంది విప్పి పక్కన పెట్టారని బతికి బయటపడ్డవాళ్లే చెప్పారు. అంత వరదలో ఆ లాంచీని ఎందుకు వదిలారన్న ప్రశ్న ఉంది. జాకెట్టు విప్పుతుంటే సరంగుగానీ సిబ్బందిగానీ ఎందుకు గద్దించలేదన్న ప్రశ్నా ఉంది. అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం లాంచీని బయటకు లాగేదాకా ఈ ప్రశ్నలు టీవీల్లో మోగాయి. తరవాత మరిచిపోయారు. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరులో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ మునిగినప్పుడూ అంతే. పోయినవాళ్లలో ఎక్కువమంది కార్తీకమాసపు విహారానికి ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. 2024 డిసెంబరులో ముంబయి గేట్‌వే నుంచి ఎలిఫెంటా వెళ్తున్న నీల్ కమల్ ఫెర్రీని నేవీ స్పీడ్‌బోటు గుద్దినప్పుడు, ఆ ఫెర్రీలో పరిమితికి మించి జనం ఉన్నారని తేలింది. ఇన్ని శవాలు చూసిన నేల మీద నిలబడి, జాకెట్టు వేసుకుంటే ఫోటోలో లావుగా కనిపిస్తామని రీలు చేసే మనిషికి సిగ్గు లేదా? వాడికి లైకు కొట్టే లక్ష మందికి లేదా?

కోపం చాలించి కాగితాల దగ్గరికి వద్దాం. వీటికీ లింకు ఉండదు కాబట్టి వీటినీ ఎవరూ చెప్పరు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లలో పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు చాలామంది. ఉద్యోగానికి అడ్డు లేదు కాబట్టి అదొక సంగతే కాదనుకుంటారు. అలాంటివాళ్లు మెక్సికోకో, కెనడాకో 30 రోజుల లోపు వెళ్లి రావడానికి ఒక సడలింపు ఉంది. కరీబియన్ దీవులకు మాత్రం ఆ సడలింపు విద్యార్థి, ఎక్స్‌చేంజ్ వీసాల వాళ్లకే. ఒకే రేవు నుంచి, ఒకే కంపెనీ ఓడలో మెక్సికోలోని కోజుమెల్ వెళ్తే ఒక లెక్క, బహమాస్ వెళ్తే ఇంకో లెక్క. రెండు డజన్ల కొక్కేలు సర్దుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర తెల్లమొహం వేస్తాడు.

గడియారం సంగతీ అంతే. ఓడ తన టైము ప్రకారం కదులుతుంది, ఫోను ఒడ్డున ఏ దేశముంటే ఆ దేశపు టైము చూపిస్తుంది. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో సొంతంగా టూరుకు వెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చిన ఎనిమిది మందిని నార్వీజియన్ డాన్ అనే ఓడ వదిలేసి వెళ్లింది. వాళ్లు దేశాలకు దేశాలు దాటుకుంటూ వెంటపడ్డారు. నీటిమట్టం తగ్గి ఓడ గాంబియాలో ఆగలేకపోయింది. చివరికి సెనెగల్‌లో అందుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద కాగితం టికెట్టే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నల్ని క్రూజ్ ఎక్కించడం ఇప్పుడు ఆనవాయితీ. నయాగరా అయిపోయింది, వేగాస్ అయిపోయింది, ఇక ఓడ. అమెరికాలో చెల్లే విజిటర్ ఇన్సూరెన్సు ఓడలో డాక్టరుకు చెల్లుతుందా? గుండెనొప్పి వచ్చి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ బిల్లు ఎవరిది? అడిగినవాడు లేడు. టికెట్టు వెనక ఉండే షరతుల్లో సాధారణంగా ఏముంటుందంటే: దెబ్బ తగిలితే ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి, ఏడాదిలో దావా వేయాలి, అదీ కంపెనీ చెప్పిన కోర్టులోనే. పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఆ కోర్టు మయామీలో ఉంటుంది. ఇది అన్యాయమని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒక జంట సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1991లో ఆ కోర్టు టికెట్టు మీద రాసిందే చెల్లుతుందని తేల్చింది. అమెరికా పడమటి చివరి వాళ్ల గతే అదైతే, గుడివాడ నుంచి వెళ్లినవాళ్ల గతి ఏమిటి?

అంతకన్నా పాతది 1920 నాటి అమెరికా చట్టం. తీరానికి మూడు నాటికల్ మైళ్లు దాటాక ఇంకొకరి తప్పు వల్ల మనిషి ప్రాణం పోతే, కుటుంబానికి దక్కేది ప్రధానంగా ఆర్థిక నష్టమే. దుఃఖానికి, తోడు పోయినందుకు ఖరీదు లేదు. విమాన ప్రమాదాలకు 2000లో ఆ చట్టాన్ని సవరించారు, ఓడల జోలికి పోలేదు. రిటైరై, ఎవరినీ పోషించాల్సిన అవసరం లేని పెద్దావిడ పోతే ఆర్థిక నష్టం కింద వచ్చేది చాలాసార్లు అంత్యక్రియల ఖర్చుకు మించదు. ఈ షరతులన్నీ చదివి ఒప్పుకున్నట్టు ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టింది అల్లుడు, అత్తగారి తరఫున కూడా. ఆవిడ అప్పుడు పక్క గదిలో మాగాయ డబ్బాను సూట్‌కేసులో ఏ మూల దాచాలా అని చూస్తోంది.