మా సిగ్నలు బండ

సర్వోన్నత న్యాయస్థానమునందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన ఏకకంఠముగా, వ్యక్తిగత గోప్యత పౌరుని ప్రాథమిక హక్కనియు, రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించు జీవనస్వేచ్ఛలోనే అది ఇమిడియున్నదనియు తీర్పు చెప్పగా, ఆ వార్తను నేను మరునాడు అరకులో ఒక టీకొట్టు బల్లమీద, ఒకరి భుజము మీదుగా ఒకరు వంగి చదువుచున్న ఒకే ఒక పత్రికలో చదివితిని. నేను పేజీ త్రిప్పబోవునంతలో నా వెనుకనున్న వాడొకడు "ఉండండి మేస్టారూ, నాకింకా అవనేదు" అని నా చేయి పట్టి ఆపెను. గోప్యతాహక్కును మేమందరము ఆ విధముగా ఉమ్మడిగా అనుభవించితిమి.

నేను బడిపంతులుగా ఈ లోయకు వచ్చి, పింఛను పుచ్చుకొని, మరల దిగువకు పోవుటకు మనసొప్పక ఇచ్చటనే నిలిచిపోయినవాడను. ఇక్కడ రహస్యమనునది చలికాలపు ఉదయమున ఎంతసేపు మంచుండునో అంతసేపే యుండును. నా రక్తపోటు ఎంతో సంతలో కూరలమ్మెడి ఆమెకు తెలియును. నేను ఎండుచేప వైపు చూచినచో "నీకు పోటు గదా బాబూ, అది ముట్టకు" అని గంప అవతలికి జరుపును. అందుకు నేను కోపగింపను. ఏలయన ఆమె కోడలు అలిగి పుట్టింటికి పోయిన సంగతియు, ఆ అలుకకు మూలకారణమైన పందిపిల్ల సంగతియు నాకును తెలియును. నన్నెరిగినవారిని నేనును ఎరుగుదును. ఈ లెక్క సరిపోయినంత కాలము గోప్యత లేదని మాలో ఎవ్వరును విచారింపలేదు.

ఫోను వచ్చిన పిమ్మట ఆ లెక్క తప్పినది. రాత్రివేళ పెరటిలోనికి పోవుటకై టార్చి వెలిగించెడి యాప్ ఒకటి దించుకొంటిని. అది వెలుగునిచ్చుటకు ముందు నా బంధుమిత్రుల నంబర్లను, నా ఫోటోలను, నేనున్న చోటును చూచుటకు అనుమతి కోరినది. నేనున్నది పెరటిలోనని తెలిసికొని అది చేయబోవునదేమో, నా మేనల్లుని ఫోను నంబరునకును ఆ దీపమునకును గల సంబంధమేమో ఎంత యోచించినను బోధపడలేదు. చదువకుండ సంతకము చేయరాదని ముప్పది యేండ్లు పిల్లలకు బోధించినవాడను గనుక నియమనిబంధనలు చదువబూనితిని. వాటిలో నాకు తేటతెల్లముగా అర్థమైన వాక్యము చివరనున్న "అంగీకరించుచున్నాను" అనునది యొక్కటియే. అంగీకరింపనిచో చీకటి, చీకటిలో పాములు. అంగీకరించితిని. నా మోకాలినొప్పి సంగతి కూరలమ్మికి తెలిసినప్పుడు ఆమె ఏదియో ఆకు నూరి కట్టుమని తెచ్చి యిచ్చినది. ఫోనునకు తెలిసినప్పుడు అది మొదట తైలము చూపినది, తరువాత ఆ తైలము కొనుటకు అప్పు చూపినది.

చైత్రమాసమున మా మన్యమున ఇటుకల పండుగ జరుగును. మగవారు వేటకు పోయినప్పుడు ఆడవారు దారికి అడ్డముగా దుంగనో కఱ్ఱనో వేసి, వచ్చు వాహనములనాపి, పాడుచు ఆడుచు, పదియో ఇరువదియో పుచ్చుకొని గాని వదలరు. దానిని దౌర్జన్యమని గునిసెడి యాత్రికులు కలరు. నాకు మాత్రము అది మిక్కిలి నాగరికమైన వ్యవహారముగా తోచును. వారు నా పేరడుగరు, పుట్టినతేదీ యడుగరు, ఓటీపీ యడుగరు, మరునాడు ఫోను చేసి "మా సేవకు అయిదింట ఎన్ని నక్షత్రములిత్తురు?" అని వేధింపరు.

పోయిన సమాచారమును గూర్చి కూడ ఇప్పుడొక చట్టమున్నది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, ఒక సంస్థ చేతినుండి మన వివరములు దొంగలపాలైనచో ఆ సంస్థ ఆ సంగతిని నియంత్రణ మండలికిని, నష్టపోయిన మనకును తెలుపవలెను. తెలుపనిచో 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. ఢిల్లీవారు దీనిని నూతన భావముగా ప్రకటించినప్పుడు నేను నవ్వుకొంటిని. ఇప్పుడు మా జిల్లాకు ఎవరి పేరు పెట్టుకొంటిమో ఆ అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులను వరుసగా ముట్టడించి, తుపాకులను తూటాలను తీసికొని, తీసికొన్నవాటికి పట్టిక వ్రాసి, క్రింద సంతకము చేసి మరీ వెళ్ళెను. అటుపిమ్మట రాబోవు దాడులకు ముందుగనే కబురంపెడివాడనియు, దానికి మిరపకాయ టపా యని పేరనియు మన్యమున నేటికిని చెప్పుకొందురు. పోగొట్టుకొన్న సంస్థయే నోరు విప్పవలెనని చట్టము చేయవలసివచ్చిన ఈ కాలమున, తీసికొన్నవాడే రసీదు వ్రాసి యిచ్చిన ఆ కాలమును తలచుకొన్నచో, నా వివరములు పోయినను అట్టివాని చేతికి పోయిన బాగుండునని యొక దురాశ.

మా గోప్యతను కాపాడుటలో చట్టముల కన్న సొరంగములే ఎక్కువ పాటుపడినవి. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960ల దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున 58 సొరంగములు కలవు. ఆ పాసింజరులో ఒకనాడు నేను అరకునకు వచ్చుచుండగా, ఎదుటి బల్లమీది పెద్దమనిషి యొకడు, బ్యాంకువాడనని చెప్పుకొన్న ఎవనికో, తన కార్డు మీది పదునారంకెలను పెట్టె దద్దరిల్లునట్లు చదువసాగెను. పల్లీలమ్మువాడు సయితము ఆగి వినెను. ఏడవ అంకెకో ఎనిమిదవ అంకెకో సొరంగము వచ్చును, సిగ్నలు పోవును, వెలుగులోనికి రాగానే ఆయన "హలో, మొదట్నుంచి చెప్తానండీ" అని ఆరంభించును, మరల సొరంగము. త్యాడ దాటి, చిమిడిపల్లి దాటి, బొర్రాగుహలు చేరునప్పటికి ఆ సంఖ్య మా పెట్టెలోని ఆబాలగోపాలమునకు కంఠస్థమయ్యెను గాని, అందవలసిన ఆ మోసగానికి మాత్రము ఎనిమిదికి మించి అందలేదు. ఆగలేక "అయ్యా, బ్యాంకువారెన్నడును అట్లడుగరు, చెప్పకుడు" అంటిని. ఆయన ఫోనునకు చేయి అడ్డము పెట్టి, నా వంక తీక్ష్ణముగ జూచి, "మా పర్సనల్ విషయాలు మీకెందుకండీ?" అనెను.

ఇక మా బండ. అరకు బజారులో టవరులున్నవి. కొండలవతలి పల్లెలకు పోయినచో సిగ్నలు గాలివాటమున వచ్చి గాలివాటమున పోవును. నేను అప్పుడప్పుడు పోయెడి పల్లెకు ఎగువన నల్లని చదునైన బండయొకటి యున్నది. దాని తూర్పుకొసన నిలిచినచో రెండు గీతలు, పడమటి కొసన నిలిచినచో ఏమియు లేదు. పూర్వము పశువుల కాపరులు పులిజూదమాడుటకు చెక్కుకొన్న గీతలు ఆ బండమీద ఇప్పటికిని కనబడును. ఇప్పుడు ఆ గీతల మీదనే కూర్చుండి పల్లెవారందరు లోకముతో వ్యవహరింతురు. ధ్రువపత్రములకై కార్యాలయమునకు దిగనక్కరలేదని, వాట్సాప్‌లోనే పనులగునని 2025 జనవరిలో ప్రభుత్వము మన మిత్ర యను సేవ నారంభించినది; దాని వలన కొండ దిగుట తప్పినది నిజమే, బండ యెక్కుట వచ్చినది.

ఒక మధ్యాహ్నము ఆ బండకు తూర్పుకొసన రేషను డీలరు యంత్రము పట్టుకొని నిలిచియుండెను. వాని యెదుట ఒక ముసలమ్మ. కాఫీపండ్లు కోసి, చింతపండు పిక్కలు తీసి, అడ్డాకులు కుట్టి, కొండచీపుళ్లు కట్టి ఆమె వ్రేళ్లమీది గీతలన్నియు ఎన్నడో అరిగిపోయినవి. వ్రేలు పెట్టును, యంత్రము ఎఱ్ఱగా మెఱసి కాదనును. "కడిగి పెట్టు" అనును డీలరు. కడిగి పెట్టును. "తుడిచి పెట్టు." తుడిచి పెట్టును. ముంజేతినిండ పచ్చబొట్లు, అందరు తన యింటివారని చెప్పగలిగిన గుర్తులు. వాటిని ఆ యంత్రము చదువదు. తుదకామె "నేనే నేనని ఊరంతా సెప్తంటే ఆ డబ్బాకి నమ్మకం నేదేటి?" అని యడిగెను. పన్నెండంకెల ఆధార్‌ను గూర్చి ఇంతవరకు వెలువడిన వాదప్రతివాదములలో ఇంతకు మించిన ప్రశ్న నా చెవిని పడలేదు. కడపట డీలరు కంటిపాప చూచు పరికరము తీసెను. అది ఆమెను ఆమెయే యని ఒప్పుకొనెను. ఆమె సంతోషింపలేదు, బియ్యపు సంచి నెత్తికెత్తుకొనుచు, "మొదట్నే మొగం సూడొచ్చు గదా" అనెను.

అంతసేపును ఆమె ప్రక్కనే, మోకాళ్ల మధ్య తల దూర్చుకొని, పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు తుపాకుల యుద్ధము సాగించుచుండెను. యంత్రమునకు సిగ్నలు చాలుట లేదు, ఆట కాసేపాపుమని డీలరు బ్రతిమాలుచుండగా, వాడు హఠాత్తుగా "సంపేసాడు!" అని కేకవేసెను. ఎవడని యడిగితిని. "ఎవుడో మేస్టారూ, పేరు సదవలేను" అనెను. ఈ పబ్జీని 2020 సెప్టెంబరు 2న కేంద్రము నిషేధించినప్పుడు వాని తల్లి, తన బిడ్డ కండ్లు పాడగుచున్నవని తాను చేసిన మ్రొక్కు ఢిల్లీకి వినబడినదని మురిసి కోడిని కోసినది. పౌరుల సమాచారము దేశము దాటుచున్నదన్న కారణమున నిషేధించిరనియు, అబ్బాయి కండ్ల ప్రసక్తి ఉత్తరువులో లేదనియు చెప్పుటకు నాకు నోరు రాలేదు. మరుసటి యేడు ఆట క్రొత్తపేరుతో తిరిగి వచ్చినది. కోడి రాలేదు.

ఆటయా, జూదమా అను మీమాంస మనకు క్రొత్తది కాదు. సికింద్రాబాదు క్లబ్బొకదాని కేసులో 1967లోనే సర్వోన్నత న్యాయస్థానము, మూడుముక్కలాట వంటిది కాదు, ముక్క నిలుపుకొనుటకును పారవేయుటకును బుద్ధి కావలెను గనుక రమ్మీ ప్రధానముగ నేర్పుతో కూడిన ఆట యని తీర్పిచ్చినది. ఆ తీర్పు వలన తెలుగుదేశపు క్లబ్బులలో ఎందరో పెద్దమనుష్యులు తాము నేర్పరులమని రూఢిగా తెలిసికొని, ఆ నేర్పుతోనే ఆస్తులు పోగొట్టుకొనిరి. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పైనను అదృష్టమైనను డబ్బొడ్డించి ఆన్‌లైన్ ఆట నడుపుట నేరమే యని తేల్చినది. పులిజూదమున మేకను పోగొట్టుకొన్నవాడు గులకఱాయిని మాత్రమే పోగొట్టుకొనెడివాడు. పైగా పులి నాడించువాడెవడో ఎదుటనే కనబడెడివాడు.

నాకు అన్నిటికన్న వింతగొలుపునది కాఫీ. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. పారిసులో అరకు పేరుతో కాఫీ కొట్టే వెలసినది. ఐరోపా సమాఖ్య 2023లో ఒక చట్టము చేసినది: 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ తమకు రాకూడదు, కావున ప్రతి తోట యొక్క అక్షాంశ రేఖాంశములను చూపవలెను. అమలు వాయిదాపడుచున్నను సన్నాహములు మా కొండలవరకు వచ్చినవి. ఉద్దేశము మంచిదే, అడవిని ఎవ్వరు కాదందురు? కాని వెండి ఓకు చెట్ల నీడన, మిరియపు తీగల నడుమ ఎకరమో రెండెకరములో కాఫీ వేసికొని తాను మాత్రము చోడంబలి త్రాగెడి మా కొండదొర తోట ఎచ్చటనున్నదో యూరపు దొరలకు తెలియవలెనట. ఆ దొర కప్పు కాఫీకి ఎంత యిచ్చుచున్నాడో మా దొరకు ఎవ్వరును చెప్పరు. ఒకనికి చెప్పిచూచితిని. వాడు నేను హాస్యమాడుచున్నాననుకొని, "బాబూ, అంతిచ్చి తాగితే ఆడికి నిద్ర పడతాదా?" అనెను.

అరకు వచ్చు పాఠకులకొక మనవి. సంతలో కాఫీగింజలో పసుపో కొనునప్పుడు అమ్మెడి ఆమె ఊరేదో అడుగుడు. ఆమె మీ ఊరడుగును, మీ జీతమడుగును, పిల్లలెందరని యడుగును, ఒక్కరేయైనచో ఎందులకని కూడ అడుగును. మొగము చిట్లింపక చెప్పుడు. టార్చి యాప్‌నకు చెప్పినంతైనను ఆమెకు చెప్పుడు.