కత్తి పద్యము – టీకా తాత్పర్యములు

మూలము

ఆ. కప్పబాషి వీధి కత్తుల వెదకుచు
నంగడెక్కినంత నడిగె శెట్టి
ఏది చేయి మీది? యేమి కోయుదురని
ధనము మాట మొదటఁ దలపఁడయ్యె.

అవతారిక: టోక్యో నగరమున ఉఎనో, అసకుసల నడుమ సుమారు 800 మీటర్ల పొడవున, 170 దాకా కొట్లతో వంటసామగ్రికే అంకితమైన వీధి కప్పబాషి. హోటలు పెట్టదలచినవాడు ఈ కొసన చొరబడి, గిన్నెలు, గరిటెలు, గుమ్మపు తెర, ఎర్రకాగితపు దీపములతో ఆ కొసన తేలవచ్చును. కవి వీటన్నిటినీ దాటి కత్తుల కొట్టెక్కినాడు.

ప్రతిపదార్థము: కప్పబాషి వీధిన్ = మేడ నెత్తిన టోపీ పెట్టుకొన్న వంటవాని తలబొమ్మ కానవచ్చుచోట మొదలగు వీధిలో; కత్తులన్ = వంటకత్తులను (యుద్ధమునకు గావని భావము); వెదకుచున్ = ఏది కావలెనో తెలియక తిరుగుచు; అంగడి ఎక్కిన అంతన్ = కొట్టులో కాలు పెట్టగానే; శెట్టి = అమ్మువాడు (జపానులో శెట్లెక్కడివారనరాదు; అమ్మువాడెల్ల కవికి శెట్టియే); ఏది చేయి మీది = కుడివాటమా, పుర్రచేతివాటమా; ఏమి కోయుదురు = చేపనా, కూరనా; అని = అనుచు; అడిగెన్ = ప్రశ్నించెను; ధనము మాట = వెల ప్రస్తావన; మొదటన్ = ఆదిలో (చివర తప్పదని ధ్వని); తలపఁడయ్యెన్ = ఎత్తడాయెను.

తాత్పర్యము: కత్తి కొనవచ్చినవాని చేతిని, పనిని విచారించిరి గాని సంచిని విచారింపలేదు.

విశేషములు: సంప్రదాయపు జపాను కత్తులలో పెక్కింటికి పదునువాలు ఒకవైపే. కుడివాటపు కత్తికి వాలు కుడిపక్కన, ఎడమపక్కన కోసినముక్క అంటుకొనకుండ సన్నని గుంట. దానిని పుర్రచేతివాడు పట్టిన, కత్తి ఒకదారి, ముక్క ఒకదారి. ఎడమవాటపువి తక్కువగా చేయుదురు. కనుక వెల హెచ్చు.

పచ్చిచేపను పలుచగా తీయుటకు యనగిబ: పొడవుగా, సన్నగా నుండును, ఒక్క లాగుడులో ముక్క తెగవలెను. రంపమువలె ఆడించిన నునుపు చెడును. చేపతల తెగవేయుటకు దేబ, దాని వెన్ను దళసరి. కూరలకు పలుచని ఉసుబ. కర్బనపు ఉక్కైనచో పదును చక్కగా ఎక్కును. నిమ్మకాయ కోసి తుడవక విడిచిన తుప్పూ అంత చక్కగానే ఎక్కును. అప్పుడు శెట్టి సానరాయి చూపును.

శంక: మన కత్తిపీట ఎవరినీ ఏ చేయి అని అడుగదే?
సమాధానము: కత్తిపీట కడకు కూర తానే వచ్చును. ఇచ్చట కత్తియే చేపకడకు పోవలెను. పోవుదానికి దారి తెలియవలెను.

శంక: పొరుగు కొట్టులో పొగలు రానున్నట్లున్న నూడుల్సును, రొయ్యవేపుడును కోయుదునన్నచో?
సమాధానము: అవి హోటళ్ల అద్దాల వెనుక నిలుపు ప్లాస్టిక్ నమూనాలు. వాటికి కన్ను చాలును, కత్తి వలదు.

అలంకారము: వ్యాజస్తుతి. శెట్టి ధనము తలపలేదని పొగడినట్లుండును. నిజమునకు ఆ రెండు ప్రశ్నలలోనే వెల ఇమిడియున్నది. ఏ చేయో తెలిసిన సగము, ఏమి కోయుదురో తెలిసిన తక్కిన సగము.

ఫలశ్రుతి: ఈ పద్యము చదివినవారు జవాబులు సిద్ధపరచుకొని వెళ్లుదురు. కొన్న కత్తిని విమానమున పెద్దపెట్టెలో వేయుదురు. చేతిసంచిలో పెట్టుకొన్నవారిని మరియొకరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు ఈ టీక చాలదు.