మొలకలు కట్టే గుడ్డను నేను

ఒకప్పుడు నేను దోతిని. ధారూర్‌లో ఈ ఇంటి తాత నన్ను కట్టుకునే చేనుకు పోయేవాడు, వికారాబాద్ అంగడికి పోయేవాడు, నవంబరులో మా ఊరి క్రైస్తవ జాతరకు వచ్చే చుట్టాలకు ఎదురుపోయేవాడు. అంచులు పీలికలయ్యాక నాయనమ్మ నన్ను ముక్కలుగా చింపి, ఒక ముక్కను పెసర్లు మొలకగట్టడానికి దాచింది. ఉతికి ఉతికి గంజి పోయింది, నూలు మెత్తబడింది, గాలాడేంత పలచనయ్యాను. ఈ పనికి కొత్తగుడ్డ పనికిరాదు.

మనవరాలు పంజరంలో లవ్ బర్డ్స్ తెచ్చుకున్నాక నాకు పిట్టల పని పడింది. ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు గానీ అవి ఆస్ట్రేలియా గడ్డినేలల బడ్జీలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. తర్వాత దేశదేశాల ఇళ్లలోకి చేరాయి. (మన రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) బడ్జీల సొంత నేల మీద వానలు పడి, గడ్డి కంకుల్లో పాలు పోసుకునే రోజుల్లోనే అవి చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. పిల్లల నోటికి అందేది ఆ లేత గింజే. పంజరంలో పిట్టకు ఏడాది పొడుగునా ఎండుగింజే గతి. ఆ లోటు కొంతైనా తీర్చేది మొలక.

నాలో కట్టేవి కొర్రలు, సజ్జలు, కొన్ని కుసుమలు. కొర్రలంటే పొట్టుతో ఉన్నవే. కిరాణా కొట్లో దొరికే కొర్రబియ్యాన్ని ఎంత నానబెట్టినా మొలవదు, మురుగుతుంది. కుసుమలకు మాకు కరువు లేదు, తాండూరు దిక్కు నల్లరేగళ్లలో యాసంగికి వేస్తారు. జొన్నను మాత్రం నాయనమ్మ ఎన్నడూ నా దగ్గరికి రానివ్వలేదు. ఎండు జొన్న పిట్టకు మంచిదే. దాని లేత మొలకలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలితే సైనైడ్ పుడుతుంది. జొన్న నాము మేసిన పశువు చేలోనే కూలబడడం ఇక్కడి రైతులు ఎరిగిందే.

ఒక తొలకరిలో కోడలు అడిగింది: "ఇత్తంగ మిగిలిన సజ్జలున్నయి గద అత్తమ్మా, గవ్వి నానబెడ్దమా?" నాయనమ్మ గింజలు అరచేతిలో పోసుకుంది. గులాబీ రంగు వేళ్లకంటింది. "వద్దు బిడ్డా, గవి మందు పట్టించిన ఇత్తులు. పిట్ట తింటే పాణం బోతది." విత్తనశుద్ధికి థైరమ్ లాంటి మందులు పట్టించి, ఇది తినే గింజ కాదని తెలియడానికే రంగు కలుపుతారు. ఊళ్లో పిట్టలు పెంచే ప్రతి ఇంటికీ ఈ ఒక్క మాట చేరాలని నా కోరిక.

కొర్రలను గిన్నెలో రుద్ది కడిగితే తాలు పైకి తేలుతుంది, దాన్ని వంపేస్తారు. రాత్రి నానబోస్తే ఎనిమిది గంటలు చాలు, ఎండాకాలమైతే ఆరు. పొద్దున మళ్లీ కడిగి నాలో పోస్తారు. "గంత బిగ్గ కట్టకు బిడ్డా, గింజకు ఊపిరాడొద్దా?" అని నాయనమ్మ మనవరాలి చేతిలోంచి ముడి తీసుకుని వదులు చేస్తుంది. నీళ్లు దిగడానికి చిల్లుల గిన్నెలో పెట్టి, ఎండ తగలని మూల తాండూరు బండల మీద ఉంచుతారు.

పగలు సగమయ్యేసరికి నా నడిమధ్య వెచ్చబడుతుంది. ఊపిరి తీస్తున్న గింజ పుట్టించే వేడి అది. లోపల పిండి చక్కెరగా మారుతుంటుంది. మర్నాటికి కొర్ర కొసన పొట్టు చీలి, సూదిమొనంత తెల్లటిది బయటికొస్తుంది. పిట్టకు పెట్టాల్సింది అప్పుడే. ఇంకా ఆగితే వేరు నా పోగుల్లోకి దిగుతుంది, లాగితే తెగుతుంది. జాతర నాటి చలిలో ఇదంతా మరో పూట ఆలస్యం.

గింజను లేపే ఆ తడే, ఆ వెచ్చదనమే బూజునూ లేపుతుంది. చచ్చిన గింజ మొలవదు, కుళ్లి జిగురు కట్టి పక్కవాటికీ అంటిస్తుంది. అందుకే రోజుకు మూడుసార్లు మూట విప్పి కడుగుతారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. పచ్చిగడ్డి వాసన వస్తే సరే. పులిసిన కల్లు వాసన వచ్చిందా, మొత్తం పెంటకుప్పకే. కడిగితే పోతుందిలే అనుకోవడం లేదు ఈ ఇంట్లో. బూజు విషం పిట్ట కాలేయాన్ని తినేస్తుంది.

చాలా ఇళ్లలో గింజ మీద పెట్టే శ్రద్ధ గుడ్డ మీద పెట్టరు. నా పోగుల నడుమ ఒక్క పొట్టు మిగిలినా రేపటి మూట పాడవడానికి అది చాలు. మూట దించగానే నన్ను తిరగేసి దులిపి, మరిగే నీళ్లలో ఉడికించి, సబ్బు వాసన లేకుండా జాడించి, డాబా మీద ఎండేస్తారు. చెమ్మ ఏమాత్రం ఉన్నా మళ్లీ కట్టరు.

మొదట్లో పిట్టలు మొలకను ముట్టలేదు. మనవరాలు ఎండు కొర్రల్లో కాస్త కాస్త కలిపి అలవాటు చేసింది. ఇప్పుడు పసుపు పిట్ట గిన్నె పెట్టగానే దిగుతుంది. గింజను నాలుకతో ముక్కులో తిప్పుతుంది, పొట్టు కింద రాలుతుంది, తెల్లటి మొన ఒక్క క్షణం ముక్కు అంచున ఆగి లోపలికి పోతుంది. రెండు గంటల్లో గిన్నె తీసేస్తారు, తిన్నా తినకున్నా. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లే. రోజూ మెత్తటి తిండి దొరికితే ఆడపిట్ట వానాకాలం వచ్చిందన్నట్టు గుడ్ల మీద గుడ్లు పెట్టి నీరసిస్తుంది.

ఈ వారం పంజరంలోని కుండలో పిల్లలు లేచాయి, ఇక రోజూ మూట కట్టాలి. నేను ఆరేదాకా పని ఆగకుండా మనవరాలు ఇంకో పాత గుడ్డను ఉడకబెట్టి దండెం మీద వేసింది.