ఏకశాకవ్రతుడు

నడివయస్సునందును మెట్లు రెండేసి చొప్పున ఎక్కగలిగి, అందుకు కారణము ఉదయము త్రాగు రాగి అంబలియు, మధ్యాహ్నము దంపుడుబియ్యపు టన్నముతో తిను తోటకూరపప్పును, రాత్రి మరల ఆ తోటకూరపప్పునే యని అడిగినవారికిని అడుగనివారికిని చెప్పుచుండు గృహస్థు మన ఊళ్లలో వీధికొక్కడైన నుండును. ఆతనికి ఏకశాకవ్రతుడని పేరు పెట్టుకొందము. "ఈవేళ కూరేం చెయ్యమంటారండీ?" అని సంసారులందరి ఇండ్లలోను తెల్లవారుసరికి లేచు సనాతన ప్రశ్న ఆతని యింట శాశ్వతముగా పరిష్కృతమైనది.

ఆతడు చాదస్తుడే కాని అజ్ఞాని కాడు. వంటయింటి గోడకు ఆహారపదార్థముల పట్టిక యొకటి అంటించి, బియ్యమున కొరవడిన లైసీను కందిపప్పునందు సమృద్ధిగా నున్నదనియు, పప్పునకు చాలని మెథియొనీనును బియ్యము పూరించుననియు, 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియ మున్నదనియు, తోటకూరలోని యినుము ఒంటబట్టుటకు పైన పిండిన నిమ్మరసము తోడ్పడుననియు, మొక్కలలో దొరకని బి-12 విటమినుకు గడ్డపెరుగు పూచీ పడుననియు వేలుపెట్టి చూపును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆకుకూరలలో సహజముగా నుండు ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాయందు తమ బృందముచేత కృత్రిమముగా తయారు చేయించిరని చెప్పునప్పుడైతే, ఆ సన్మానమంతయు తన తోటకూరకట్టకే జరిగినట్లు ఆతని మొగము వికసించును. ఈ లెక్కలలో నాకు తప్పేమియు కానరాలేదు. కానరాకపోవుటయే నా బాధ. వైద్యుడు సైతము ఆతని రక్తపరీక్ష కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, పట్టుకొనుటకేమియు దొరకక, ఫీజు పుచ్చుకొనుటకు మొగమాటపడెనని వినికిడి.

ఈతనిని పెండ్లిబంతిలో చూడవలెను. విస్తట బూరెలు, పులిహోర, పనసపొట్టుకూర వరుసగా దిగుచుండగా, వియ్యంకుడు వంగి, "బావగారూ, ఒక్క బూరె! మీరు ముట్టకపోతే నా మీద ఒట్టు!" అని ప్రాధేయపడుచుండగా, ఆతడు చిరునవ్వుతో సంచిలోనుండి స్టీలు కారేజీ తీసి, తన పప్పును తానే వడ్డించుకొనును. ఒట్టు ఏమైనదో తెలియదు గాని, ఆతని విస్తటిలోని బూరెలు ప్రక్క విస్తరికి జరుగుట అందరు నెరిగినదే; కనుకనే ఆతని కిరుప్రక్కల పీటలకై బంధువులలో తోపులాట జరుగును.

ఇంతమాత్రమున ఆతడు జిహ్వను జయించెనని భ్రమపడరాదు. పది కూరలు తినువాడు ఒకదాని లోపమును మరియొకదానితో కప్పిపుచ్చుకొనును. ఈతని నాలుకకు ఆ వెసులుబాటు లేదు. ఏళ్ల తరబడి ఒక్క పప్పునందే తపస్సు చేసిన ఆ నాలుక, ఆకు ఏ మడిలోనిదో, పప్పు బావినీట నుడికినదో కొళాయినీట నుడికినదో, పోపులో ఆవాలకు ముందు ఎండుమిరపకాయ పడినదేమో ముద్ద నోట పెట్టగనే తీర్పు చెప్పును. ఆకుకూరల గంప దించిన ముసలమ్మ, "అయ్యగారు స్నానంలోంచి వచ్చేలోగా తీసేసుకోండమ్మా" అని ఇల్లాలిని తొందరపెట్టుట నేను చెవులార వింటిని. తడిగుడ్డతోనే వచ్చి, కాడను గోటితో గిల్లి, చిటుక్కున విరుగనిచో కట్టను గంపలోనికే విసరివేయుట ఆతని కలవాటు.

మొన్న వానలకు పెరుగుతోటకూర దొరకక, ఆ మహాయిల్లాలు కొయ్యతోటకూరతో కార్యము నడిపినది. మొదటి ముద్దకే ఆతని చేయి నిలిచిపోయెను.

"ఏమే, ఏదో కొత్త వంటకం చేసినట్టున్నావు?"

"తోటకూరపప్పేనండీ!"

"ఇలా రోజుకో రకం తింటే ఆరోగ్యం ఏం కాను?" అని ఆతడు కంచము ప్రక్కకు నెట్టి, ఆ పూటకు మజ్జిగన్నముతో సరిపెట్టుకొనెను. ఇల్లాలు మారుమాటాడక, ఆ పప్పుగిన్నెను పెరటిగోడమీదుగా పొరుగింటి కందించి, అలవాటు చొప్పున బదులుగా వచ్చిన గుత్తివంకాయకూరను కొంగు చాటున లోపలికి గొనిపోయెను.