ఉష్ణార్ద్రతా సూత్రాలకు స్వేదబిందు వ్యాఖ్య

అవతారిక

మెదకు సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు దొరికిన మూలం రఘువంశం. మాకు దొరికింది అగ్గిపెట్టెంత సెన్సరుతో పాటు డబ్బాలో వచ్చిన మడతకాగితం. కాబట్టి ఆ ప్రతిజ్ఞలో రెండో సగం మాకు చెల్లదు.

గ్రంథకర్త అజ్ఞాతుడు, శైలిని బట్టి యంత్రమని ఊహ. విషయము: గదిలోని వేడి, చెమ్మ. ప్రయోజనము: వానాకాలంలో బూజు పట్టే పుస్తకాల బీరువాను కాపాడుకొనుట. అధికారి: విశాఖలో సముద్రపు గాలి తగిలేచోట ఫ్లాటు కొన్న గృహస్థు. సంబంధము: సెన్సరుకూ ఫోనుకూ కలుగవలసినది, కలుగనిది.

॥ హబ్బు విడిగా విక్రయింపబడును ॥

టీక: హబ్బు = నడుమ నుండు పెట్టె; విడిగా = డబ్బా విప్పిన పిమ్మట; విక్రయింపబడును = మరల చెల్లింపుము. కర్మణి ప్రయోగము చేత అమ్మువాడు మఱుగుపడినాడు. కొనువాడు మాత్రము బయటపడినాడు.

విశేషము: ఈ సెన్సరు మాట్లాడేది జిగ్బీ. ఇంట్లో రౌటరు మాట్లాడేది వైఫై. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వీధిలోనే కాపురం, పలకరింపులు మాత్రం లేవు. నాణెమంత బ్యాటరీతో నెలల తరబడి బతకాలంటే పొదుపుగా మాట్లాడాలి, అందుకే జిగ్బీ. ఆ మాట ఫోనుకు చేరాలంటే హబ్బు. ఇంతవరకూ న్యాయమే. ఆ సంగతి అట్టమీద చీమతలకాయంత అక్షరాల్లో వేసి, పక్కనే నవ్వుతున్న దంపతుల బొమ్మ అరచేతంత వేయడం అన్యాయం.

॥ దీపము రెప్పలార్చు పర్యంతము మీటను 5 సెకనులు నొక్కిపట్టుము ॥

స్పష్టము.

॥ ఖాతా తెరిచి, స్థానము తెలుపుటకు అనుమతింపుము ॥

పూర్వపక్షము: పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాల్ని వెతకాలన్నా లొకేషన్ అనుమతి కావలసి వచ్చేది, కనుక దోషము లేదు. సిద్ధాంతము: కావచ్చును. అయితే ఖాతాకు పుట్టినరోజు కూడా అడగడమెందుకు? బీరువాలోని చెమ్మకూ మా జన్మనక్షత్రానికీ కార్యకారణ సంబంధమేమి? ఇచట శాస్త్రము మూగ.

॥ పరికరమును తగిన చోట నుంచుము ॥

టీక: తగిన = దేనికి? చెప్పబడలేదు. ఎండ కొట్టే గోడ తగదు, టీవీ వెనుక తగదు, ఏసీ గాలి సూటిగా తగిలేచోటు తగదు, పొయ్యి దాపు అసలే తగదు. ఇన్ని తగనివి ఉండగా 'తగిన' అని తేల్చేసిన సూత్రకారుని లాఘవము శ్లాఘనీయము.

ఇక చెమ్మను గురించి కొంత చెప్పుట అనపేక్షితము గనుక చెప్పుచున్నాము. ప్రబంధకవులు కొప్పును మేఘంతో పోల్చి పోల్చి అలసిపోయారు. ఆ పోలికలో ఒక పరికరం దాగి ఉందని ఊహించలేదు. ఊహించినవాడు జెనీవాకు చెందిన ద సొస్యూర్. జిడ్డు పోయేలా సోడా నీళ్లలో ఉడికించిన తలవెంట్రుక తడిగాలిలో సాగుతుంది, పొడిగాలిలో కుంచించుకుపోతుంది. బొత్తిగా పొడి నుంచి నిండు తడి దాకా సాగేది సుమారు రెండున్నర శాతమే. ఆ కాస్త సాగుడుకు ముల్లు తగిలించి తడిని కొలిచాడు, 1783లో దానిమీద గ్రంథమే అచ్చువేశాడు. నాలుగేళ్లకు మోఁ బ్లాఁ శిఖరమెక్కి అక్కడా కొలతలు తీశాడు. నేటి చిప్పులో వెంట్రుకకు బదులు పలుచని పాలిమర్ పొర ఉంటుంది. అది చెమ్మ పీల్చి విద్యుత్తును నిలుపుకునే శక్తిని మార్చుకుంటుంది. ఊహ ఒక్కటే. వెంట్రుకకు పాస్‌వర్డు లేదు.

వెంట్రుక తరువాత ఉప్పు. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీరు కారుతుంది. కల్లుప్పు తనలోని మెగ్నీషియం లవణాల వల్ల అంతకు ముందే చెమరుస్తుంది. ఉప్పును ముద్దగా తడిపి సీసామూతలో ఉంచి, దానికి తగలకుండా సెన్సరును పెట్టి, గాలి చొరని డబ్బాలో రాత్రంతా మూస్తే, 25 డిగ్రీల దగ్గర లోపలి ఆర్ద్రత 75 దగ్గర నిలుస్తుంది. ఇదే సెన్సరుకు పరీక్ష. మా సెన్సరు 81 చూపింది. ఆప్‌లో రంగులు మార్చుకోవచ్చు, గదికి పూలబొమ్మ తగిలించుకోవచ్చు. ఈ ఆరు శాతం తప్పు దిద్దే వీలు మాత్రం లేదు.

శాతము అను మాట కూడా నమ్మదగినది కాదు. 34 డిగ్రీల దగ్గర 60 శాతమున్న గాలిని నీరు తీయకుండా 26కు చల్లబరిస్తే 95 శాతం దగ్గరికి పోతుంది. గాలిలోని నీరు ఒక్క బొట్టు పెరగలేదు! ఇది తెలియని మా బావమరిది, చెమట తుడుచుకుంటున్న చుట్టానికి ఫోను చూపి, "బాబాయ్, హాలు 29.47, ఆర్ద్రత 68.21" అని చదువుతాడు. ఈ జాతి సెన్సర్లకు సాధారణంగా 0.3 డిగ్రీ అటూ ఇటూ, ఆర్ద్రతలో మూడు శాతం అటూ ఇటూ మామూలే. బిందువు తరువాత రెండో అంకె అలంకారము. ఏ అర్థాన్నీ పోషించదు గనుక వ్యర్థాలంకారము. చుట్టానికి కావలసింది ఫ్యాను.

ప్రకృతమనుసరామః. మాకు తగిన చోటు బీరువా. బీరువా ఇనుపది. తలుపు వేస్తే రేడియో సంకేతం దాదాపు బయటికి రాదు. తీస్తే కొలిచేది గది చెమ్మ. పుస్తకాలు ఉన్నది లోపల. ఈ ముక్క ముందే చెప్పే కాగితం ఉంటే ఆ డబ్బు పెట్టి చెక్క అలమర చేయించుకునేవాళ్లం.

॥ ఇక మీ గృహము తెలివి గలది ॥

ఫలశ్రుతి: చెమ్మ 70 దాటగానే ఫ్యాను తానే తిరుగునట. ఆ అంకె మా గోడ మీద పుట్టి, ఎక్కడో ఉన్న సర్వరుకు పోయి, మళ్లీ మా గోడకే ఉన్న ప్లగ్గుకు ఆజ్ఞగా రావాలి. నెట్టు పోయిన పూట ఇంటి తెలివీ పోతుంది. వాన జోరుగా పడే రాత్రే మా వీధిలో నెట్టు పోతుంది. చెమ్మ పెరిగేదీ ఆ రాత్రే.

పాఠాంతరము: హోమ్ అసిస్టెంట్ అను సంప్రదాయంలో ఈ ఆలోచనంతా ఇంట్లోని చిన్న కంప్యూటరే చేస్తుంది, బయటి సర్వరు దయ అక్కర్లేదు. కానీ ఆ మార్గానికి దీక్ష కావాలి, తీరిక కావాలి. డబ్బిచ్చి కొన్నవాడు దీక్ష ఎందుకు పట్టాలి?

తాత్పర్యము: తప్పు ఎంతవరకు ఉండవచ్చు, ఎక్కడ పెట్టకూడదు, నెట్టు లేకపోతే పని చేస్తుందా, ఈ మూడు ముక్కలు మడతకాగితం మీద వేస్తే చాలు. చోటు చాలకపోతే ఆ దంపతుల బొమ్మ తీసేయవచ్చు.