ఓట్లు మోసిన కంచె కర్ర

ఈ కథ చెబుతున్నది అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రానికి చెందిన ఓ కంచె కర్ర. 1860 నుంచి దీని సంగతులన్నీ ఇతరులే చెబుతూ వచ్చారు. ఆ అలవాటు కొద్దీ ఆత్మకథలోనూ అది ‘నేను’ అనదు, ‘ఈ కర్ర’ అంటుంది.

ఈ కర్ర పుట్టింది సాంగమన్ నది దగ్గర, డెకేటర్ ఊరికి పడమట. 1830లో లింకన్ కుటుంబం ఇండియానా నుంచి ఎడ్లబండ్ల మీద అక్కడికి వలస వచ్చింది. అబ్రహాంకు అప్పుడు 21 ఏళ్లు. కొత్తగా నరికిన పొలానికి కంచె లేకపోతే ఊరిమీద తిరిగే పశువులు పైరును బతకనివ్వవు. చెట్టు పడగొట్టి, దుంగలో ఇనప మేకులు దిగ్గొట్టి, నిలువునా చీల్చాలి. బంధువు జాన్ హాంక్స్ ఆ పనిలో తోడు. ఏ కర్ర ఎవరు చీల్చారని మాత్రం అడగొద్దు. సమ్మెట దెబ్బ తింటున్న దుంగకు కొట్టేవాడి ముఖం చూసే తీరిక ఎక్కడిది?

ముప్పై ఏళ్లు గడిచాయి. రిచర్డ్ ఓగల్స్‌బీ అనే రిపబ్లికన్ నాయకుడికి, పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబెట్టాలనుకున్న లింకన్ గురించి జనం నోట నానే మాటొకటి కావలసివచ్చింది. లింకన్ అప్పటికి కోటు తొడిగిన ప్లీడరు. ఫీజు దగ్గర పేచీ వస్తే రైల్వే కంపెనీ మీదే దావా వేసి 5,000 డాలర్లు రాబట్టుకున్న మనిషి. ఆ సంగతి చెబితే రైతు ఓటు వేస్తాడా? అందుకని ఓగల్స్‌బీ హాంక్స్‌ను బగ్గీలో ఎక్కించుకుని పాత పొలానికి వెళ్లాడు. హాంక్స్ జేబుకత్తితో కర్రల్ని గీకి చూశాడు. లోపల నల్ల వాల్‌నట్, హనీ లోకస్ట్ కలప కనబడగానే ‘ఇదే మా కంచె’ అని తేల్చేశాడు. రెండు కర్రల్ని బగ్గీ కింద కట్టుకుని ఊళ్లోకి తెచ్చారు.

మే నెలలో డెకేటర్‌లో రాష్ట్ర రిపబ్లికన్ మహాసభ. హాంక్స్, ఇంకొకాయన ఈ కర్రనూ దాని జోడునూ జెండాలు కట్టి సభలోకి మోసుకొచ్చారు. 1830లో చీల్చిన 3,000 కర్రల్లో ఇవి రెండని బ్యానరు మీద రాసి ఉంది. రాసినవాడు జాన్ హాంక్స్‌ను కాస్తా థామస్ హాంక్స్ చేశాడు. ఆ ఈలల్లో ఎవరికి పట్టింది? లింకన్‌ను మాట్లాడమన్నారు. కర్రలు చీల్చిన మాట నిజమే గానీ ఇవి తన చేతివేనని చెప్పలేనని ఆయన ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి చప్పట్లు రెట్టింపయ్యాయి. ఈ కర్రకు మాత్రం అది కొంచెం చిన్నతనమనిపించింది.

తొమ్మిది రోజులు తిరిగేసరికి షికాగోలో, పార్టీ జాతీయ మహాసభలో, న్యూయార్క్ దిగ్గజం సీవార్డ్‌ను మూడో విడత ఓటింగులో దాటి, లింకన్ అధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. అక్కడ పనిచేసింది తెరవెనక బేరాలు, సీవార్డ్ మీద ఉన్న అనుమానాలు. పేరు మాత్రం కర్రకొచ్చింది. ‘రెయిల్ స్ప్లిటర్’ (కంచె కర్రలు చీల్చేవాడు) పేరిట ప్రచార పత్రికలు వెలిశాయి. కరియర్ అండ్ ఐవ్స్ వాళ్ల వ్యంగ్య చిత్రంలో లింకన్ కర్ర మీద కూర్చుని ఇబ్బంది పడుతుంటాడు; ఒక కొస నల్లజాతి మనిషి భుజం మీద, రెండో కొస సంపాదకుడు హొరేస్ గ్రీలీ భుజం మీద. బానిసత్వం సమస్యను ఈ ఎన్నిక దాటవేయలేదని ఎగతాళి చేసినవాళ్లకూ తెలుసు.

ఆ రోజుల్లో ఓటు చీటీలు సర్కారు అచ్చువేసేది కాదు, పార్టీలే పంచేవి. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో రిపబ్లికన్ చీటీ పంచే నాథుడే లేడు. అక్కడ ఈ కర్ర కథ వినే అవసరమే ఓటరుకు రాలేదు. అభ్యర్థి ఇల్లు కదలకపోవడం అప్పటి మర్యాద. లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కూర్చున్నాడు. ప్రత్యర్థి అయిన డెమొక్రాట్ డగ్లస్ ఆ మర్యాదను పక్కనబెట్టి దక్షిణాదికీ వెళ్లి, దేశాన్ని చీల్చొద్దని ప్రసంగాలు చేశాడు. ఈ కర్ర ఎవరి పక్షమైనా, ఆ ధైర్యాన్ని మెచ్చుకోక తప్పదు.

నవంబరు 6న లింకన్‌కు నూటికి 40 ఓట్లు కూడా రాలేదు; గెలుపును తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం 303లో 180. జనం ఓట్లలో రెండో స్థానంలో నిలిచిన డగ్లస్‌కు దక్కినవి 12. మిగతా ఇద్దరు అభ్యర్థులు బ్రెకిన్‌రిడ్జ్ 72, బెల్ 39 గెలుచుకున్నారు. డిసెంబరు 20న, లింకన్ ఇంకా ప్రమాణం చేయకముందే, సౌత్ కరొలైనా దేశం నుంచి విడిపోయింది.