కట్టె, కొట్టె, పోస్టు పెట్టె

మొన్న శనివారం మా మనవరాలి బడిలో పేరెంట్స్ మీటింగుకి వెళ్లాను. పిల్లది తొమ్మిదో తరగతి. బడి పేరు చెప్పను, ఇంకో టర్ము ఫీజు కట్టాల్సి ఉంది. ఈ ఏడాది నుంచి ‘సోషల్ మీడియా రచన’ అని వారానికి రెండు పీరియడ్లు పెట్టారట. లోకమంతా క్లుప్తంగా నడుస్తోంది, పిల్లలూ క్లుప్తంగా రాయాలి అన్న ముక్కని కరస్పాండెంటు గారు ముప్పావుగంట సేపు చెప్పారు. చాలదన్నట్టు నాలుగు పేజీల సర్క్యులరు కూడా పంచారు.

వెనక వరసలో ఒకాయన లేచి, “ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకి ఆ ఖాతాలే వద్దన్నారు కదండీ” అన్నాడు. “అందుకే వాళ్లు వెనకబడిపోతున్నారు” అన్నారు కరస్పాండెంటు గారు. ఆ రెండు పీరియడ్లూ ఎక్కణ్ణుంచి తెచ్చారని నేనడిగాను. తెలుగులోంచి తీశారట. “ఈ రోజుల్లో వ్యాసాలెవరు చదువుతున్నారండీ?” అన్నారు. వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి, ఏం మాట్లాడను? టీ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి దాని హోంవర్కు తీసి చూశాను. వేసవి సెలవుల మీద 280 అక్షరాలు దాటకుండా పోస్టు రాయాలి. ఈ 280 ట్విట్టరు వాడి లెక్క. ఎస్సెమ్మెస్సులో 160 అక్షరాలే పడతాయి గనక, పేరుకో 20 వదిలేసి వాడు మొదట 140 హద్దు పెట్టాడు. ఇరుగ్గా ఉందని 2017లో వాడే రెట్టింపు చేసుకున్నాడు. ఫోనులో చోటు చాలక వచ్చిన తిప్పల్ని మనవాళ్లు పాఠం చేసి కూచోబెట్టారు.

మనవరాలు మొదట పేజీన్నర రాసింది. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో బావినీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయనీ, ముంజెలో బొటనవేలు గుచ్చి తినడం నేర్చుకునేసరికి గౌనంతా నీళ్లయిందనీ, కరెంటు పోయిన రాత్రి అమ్మమ్మ విసురుతూ విసురుతూ నిద్రపోయినా విసనకర్ర మాత్రం ఆగలేదనీ రాసింది. టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేయగా కొట్టేయగా మిగిలింది ఇది: ‘అమ్మమ్మ ఊరు. ముంజెలు. ఫుల్ ఎంజాయ్!’ కింద మూడు నవ్వుమొహాలు. పదికి పది మార్కులు.

లెక్కలో ఇంకో తిరకాసుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అదే మాట ఇంగ్లీషులో రాస్తే ఐదుతో గట్టెక్కుతుంది. పిల్లలు గట్టివాళ్లు, రెండో వారానికే కనిపెట్టేశారు. తెలుగులోంచి తీసిన పీరియడ్లలో కూచుని తెలుగు మానేయడం నేర్చుకున్నారు.

క్లుప్తత మీద నాకేం కోపం లేదు. వేమన ఆటవెలదికి ఉన్నవే నాలుగు పాదాలు. నాలుగోది మకుటానికి పోతే మిగిలిన మూడిట్లోనే కథ నడిపాడు. టెలిగ్రాముకి మాటకింత అని డబ్బులు గనక, 2013లో ఆ సర్వీసు మూతపడేదాకా మనవాళ్లు చావుకబుర్లూ పెళ్లికబుర్లూ గుప్పెడు మాటల్లో సర్దుకున్నారు. వాళ్లకెవరూ పీరియడ్లు పెట్టలేదు. చెప్పాల్సింది కొండంత ఉంటే చోటు గోరంత దొరికింది, అంతే. ఇప్పుడు చోటుకి సరిపడేలా పిల్లల మనసుల్నే గోరంత చేస్తున్నాం.

సర్క్యులరు మొదటి పేజీలో పెద్దక్షరాల్తో ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని అచ్చేశారు. మూడు ముక్కల్లో రామాయణం, క్లుప్తతకి పరాకాష్ఠ అట. దీనర్థమేమిటే అని మనవరాల్ని అడిగాను. “ఎవరో కట్టెలు కొట్టి తెచ్చారు తాతయ్యా” అంది. దాని తప్పేముంది? వారధి సంగతీ, రావణుడి సంగతీ, సీతమ్మ సంగతీ ముందే తెలిసినవాడికి అది రామాయణం. తెలియనివాడికి వంటచెరుకు.

కరస్పాండెంటు గారూ, ఆ రెండు పీరియడ్లూ తెలుగుకి తిరిగిచ్చేయండి. ముందు పిల్లల్ని పేజీన్నర రాయనివ్వండి. కొట్టేయడం ఎప్పుడైనా నేర్పొచ్చు.

ఈ విన్నపం 280 దాటలేదు, కావాలంటే లెక్కపెట్టుకోండి.